కొండ కనిపించే ఫ్లాటు, రోజుకింత

తిరుపతిలో ఫ్లాటు అమ్మేవాళ్లు అన్నిటికంటే ముందు బాల్కనీకి తీసుకెళ్తారు. "ఇక్కడ నిలబడితే కొండ కనిపిస్తుంది సార్" అంటారు. తిరుచానూరు రోడ్డు, కరకంబాడి రోడ్డు, తుమ్మలగుంట, ఎయిర్ బైపాస్, ఎటు వెళ్లినా ఇలాంటి బాల్కనీలే. కొనేవాళ్లలో చాలామంది ఇక్కడ ఉండరు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. దర్శనానికి వచ్చినప్పుడల్లా గదుల కోసం తిరగక్కర్లేదు, అమ్మానాన్నలు వచ్చి నాలుగు రోజులుంటారు, పిల్లల పుట్టువెంట్రుకలకు పనికొస్తుంది అన్నది వాళ్ల లెక్క. గృహప్రవేశం అవుతుంది, పాలు పొంగిస్తారు, బంధువులంతా కొండకి వెళ్లొస్తారు, తలుపుకి తాళం పడుతుంది. ఇక ఆ ఇంటి నుంచి వచ్చే కబురు నెలనెలా మెయింటెనెన్స్ మెసేజ్ ఒక్కటే.

అప్పుడు ఎవరో ఒకరు అంటారు, "ఖాళీగా ఎందుకు పెట్టుకోవడం, రోజువారీకి ఇచ్చేయరాదా" అని. లెక్క వేస్తే నోరూరుతుంది. నెలకి పదిహేను వేలు అద్దె వచ్చే ఫ్లాటు అనుకుందాం. తమిళుల పెరటాసి నెల శనివారాలకి, బ్రహ్మోత్సవాలకి, వైకుంఠ ఏకాదశికి, ఎండాకాలం సెలవులకి రోజుకి మూడు వేలన్నా బేరమాడకుండా ఇచ్చేవాళ్లుంటారు. నెలలో ఆరు రోజులు నిండితే అద్దె డబ్బు దాటిపోయినట్టే. బెంగళూరులో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఈ లెక్కంతా ఫోన్లో చెప్పి, "నువ్వక్కడే ఉన్నావు కదరా, కాస్త చూసుకోరాదా" అన్నాడు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయాను, అందుకే ఇది రాస్తున్నాను. ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారని నాకు తెలుసు.

ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఇల్లివ్వడమే తప్పని నేననను. అలా అంటే తిరుపతిలో పుట్టినవాడిగా నా నోటికే బాగుండదు. ఈ ఊరు బతికిందే తెలియనివాళ్లకి చోటిచ్చి. సత్రాలు, మఠాలు, లాడ్జిలు, ఇప్పుడు దేవస్థానం వాళ్ల శ్రీనివాసం, విష్ణు నివాసం, మాధవం. నేను వద్దనేది ఒక్కటే. ఇంటివాళ్లెవరూ దగ్గర లేని ఇంటిని, మొహం కూడా చూడని మనిషికి, రాత్రికింత అని ఇవ్వడం.

ఇల్లు అద్దెకంటే అందరికీ మొదట వచ్చే భయాలు వేరు. టీవీ పగలగొడతారని, గీజరు కాల్చేస్తారని, దుప్పట్లు ఎత్తుకుపోతారని. అవీ జరుగుతాయి. తిరుపతిలో ఇంకొన్ని అదనం. గుండు చేయించుకుని గంధం రాసుకున్న తలలు మీ దిండ్ల మీద పడుకుంటాయి, ఆ పసుప్పచ్చ మరక ఏ సబ్బుకీ లొంగదు. స్నానంలో రాలిన చిన్న వెంట్రుకలు బాత్రూమ్ జాలీలో చేరి నీళ్లు కదలవు. నలుగురమని చెప్పి పదకొండు మంది దిగుతారు. రాత్రి రెండింటికే స్నానాలు మొదలవుతాయి, తెల్లారేసరికి సంపు ఖాళీ. బాల్కనీ గ్రిల్ నిండా తడి పంచెలు. హాల్లో నేల మీదే కర్పూరం వెలిగించి టైల్ నల్లగా చేసిపోతారు. ఊరి నుంచి తెచ్చుకున్న చిన్న గ్యాస్ స్టవ్ మీద పులిహోర కలుపుకుంటారు. కొండ మీద ఉన్నంతసేపూ నిష్ఠగా ఉన్న భక్తుడు కొండ దిగిన రాత్రి ఏం చేస్తాడో ఏ వాచ్‌మన్‌నైనా అడగండి, పొద్దున సీసాలు ఏరేది వాళ్లే కాబట్టి బాగా తెలుసు.

వీటి మీద నాకు పెద్ద పేచీ లేదు. యాత్రలో ఉన్నవాళ్లు అలాగే ఉంటారు. మనం షిరిడీ వెళ్తే మనమూ అంతే. ఇవి డబ్బుతో సర్దుకునే నష్టాలు, రోజుకి మూడు వేలు తీసుకునేవాడు దిండు గలీబుల గురించి ఏడవకూడదు. కాకపోతే ఒక మాట. సంపులో నీళ్లు ఒక ఫ్లాటువి కావు. ఆదివారం పొద్దున ట్యాంకర్ తెప్పించుకుంటే ఆ ఖర్చు పంచుకునేది బిల్డింగంతా. సెల్లార్లో టెంపో ట్రావెలర్ అడ్డం పెట్టి డ్రైవర్ అందులోనే నిద్రపోతే, ఆఫీసుకి కారు తీయలేక నిలబడేది పక్క ఫ్లాటువాళ్లు. లాభం ఒకరికి, ఇబ్బంది అందరికీ అయినప్పుడు అసోసియేషన్ మీటింగులో వచ్చే మాటలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. బెంగళూరులో కూర్చున్న యజమాని వాటిని వాట్సాప్‌లో చదివి గ్రూపుని మ్యూట్ చేస్తాడు.

అసలు విషయం ఎవరు దిగుతున్నారన్నది. బుక్ చేసేది ఒకరు, దిగేది ఇంకొకరు. మధ్యలో ట్రావెల్స్ మనిషి, ఆటో అన్న, ఎవరో బావమరిది. బస్టాండు బయట నిమిషం నిలబడి చూడండి, "సామీ, రూమ్ కావాలా? ఏసీ ఉంది, లిఫ్టుంది, కొండ బస్సు పక్కనే" అని ఎంతమంది వస్తారో. వాళ్లు చెప్పే గదుల్లో కొన్ని లాడ్జివి, కొన్ని ఎవరి ఫ్లాట్లో ఆ యజమానులకే తెలియదు.

తెలియదంటే నిజంగానే తెలియదు. మా బిల్డింగులోనే ఇది జరిగింది. రెండో అంతస్తు ఫ్లాటు ఒకటి, యజమాని విదేశంలో. ఇల్లు ఎవరికీ ఇవ్వలేదు, తాళం వేసి ఉంది, తుడిపించడానికని ఒక తాళం చెవి అప్పటి వాచ్‌మన్ దగ్గర ఉంచారు. ఒక శనివారం ఆయన తల్లి చెప్పాపెట్టకుండా రైలు దిగి వచ్చి తాళం తీయబోతే లోపల గడియ వేసి ఉంది. తట్టింది. ఎవరో పెద్దావిడ తలుపు తీసి "యారు?" అంది. లోపల సేలం నుంచి వచ్చిన కుటుంబం, పిల్లలు, పొయ్యి మీద పాలు. పాపం వాళ్ల తప్పేముంది, ముందే డబ్బు కట్టి వచ్చారు. ఈవిడ సొంత ఇంటి గుమ్మంలో సూట్‌కేస్‌తో నిలబడింది. వాచ్‌మన్‌ని పిలిస్తే, "ఖాళీగా ఉండాది కదమ్మా, దేవుడి దగ్గరికొచ్చినోళ్లు, పుణ్యమొస్తాదనీ" అన్నాడు. ఆ పుణ్యం రేటు ఎంతో చెప్పలేదు. ఆ రోజుకి ఆవిడ మా ఇంట్లో భోంచేసి పడుకుంది, వాళ్లు మర్నాడు దర్శనం చేసుకుని వెళ్లాక తన ఇంట్లోకి వెళ్లింది.

అసలు ఇవ్వని ఇల్లే ఇలా అయితే, ఇచ్చే ఇంటి తాళం సంగతి చెప్పాలా? తుడిచే ఆవిడ దగ్గర ఒకటి, బ్రోకర్ దగ్గర ఒకటి, ఆటో అతని దగ్గర ఒకటి. నంబర్ నొక్కితే తెరుచుకునే తాళం పెడతానని మా అన్నయ్య అన్నాడు. ఆ నంబర్ బుక్ చేసినవాడికి పంపుతారు, వాడు తన గ్రూపులో పెడతాడు, ఆ గ్రూపులో ఎవరెవరున్నారో వాడికే తెలియదు. ఒకరి పేరున గది తీసుకుని ఇంకొకరికి ఎక్కువకి ఇచ్చే దళారుల బెడద దేవస్థానానికే తప్పలేదు. 2023 మార్చి నుంచి కొండ మీద గదుల కేటాయింపుకి, డిపాజిట్ వెనక్కివ్వడానికి మొహం గుర్తుపట్టే యంత్రాలు తెచ్చారు. అంత సిబ్బంది, అంత విజిలెన్స్ ఉన్న సంస్థకే వచ్చినవాడి మొహం చూడాల్సి వచ్చింది. మనం ఫోన్లో గొంతు విని ఇల్లు అప్పగిస్తున్నాం.

దిగినవాళ్లు మంచివాళ్లయితే గొడవే లేదు, తొంభై శాతం పైన మంచివాళ్లే అని అన్నయ్య వాదన. నేనూ ఒప్పుకుంటాను, ఆ శాతం ఎక్కడిదో ఇద్దరికీ తెలియకపోయినా. మిగిలినవాళ్ల గురించే నా గోల. లాడ్జిలో ఏదైనా జరిగితే పోలీసులు మొదట కౌంటర్లో రిజిస్టర్ అడుగుతారు, తర్వాత మేనేజర్ని అడుగుతారు. మీ ఫ్లాటులో జరిగితే? కరెంటు బిల్లు మీద ఉన్న పేరుని అడుగుతారు.

చట్టం ఇక్కడ యజమానిని వదిలేయదు. మాదకద్రవ్యాల చట్టంలో 25వ సెక్షన్ ప్రకారం, తన ఇంటిని ఆ నేరానికి వాడుకోవడానికి తెలిసి ఒప్పుకున్న యజమానికి ఆ నేరానికి ఎంత శిక్షో అంత శిక్ష పడుతుంది. వ్యభిచార గృహాల మీద వచ్చిన 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం కూడా ఇంటి ఓనరునీ, అతని ఏజెంటునీ విడివిడిగా పేర్కొంటుంది. గుడి లాంటి చోట్లకి 200 మీటర్ల లోపు ఇల్లయితే ఇంకాస్త గట్టిగా ఉంటుంది. అలాంటి ఇంటిని ఖాళీ చేయించి, ఏడాది పాటు మళ్లీ ఎవరికి అద్దెకివ్వాలన్నా ముందు తన అనుమతి తీసుకోవాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. తిరుపతిలో గుడికి దూరంగా ఉన్న వీధి ఎక్కడుందో మీరే చెప్పండి. ఇక శేషాచలం పక్కన ఉన్నాం కాబట్టి ఎర్రచందనం ఉండనే ఉంది. దాన్ని పట్టుకోవడానికే ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ఈ ఊళ్లో పని చేస్తోంది. అద్దెకి తీసుకున్న చోట్ల దుంగలు దొరికాయన్న వార్త మన జిల్లా పేపరు చదివేవాళ్లకి కొత్త కాదు.

"తెలిసి ఇస్తేనే కదా నేరం, నాకేం తెలుసు" అంటాడు అన్నయ్య. నిజమే, చివరికి కోర్టులో అది నిలబడుతుంది. ఆ చివర ఎప్పుడొస్తుందన్నదే టెన్షన్. ఈలోగా స్టేషన్‌కి రావాలి, స్టేట్‌మెంట్ ఇవ్వాలి, ఇల్లు సీల్ వేస్తే తీయించుకోవాలి. "ఎవరికిచ్చారు" అంటే ఒక ఫోన్ నంబరు చూపించి, "ఎప్పుడైనా చూశారా" అంటే లేదనాలి. ఇంట్లో ఎవరున్నారో తనకి తెలియదని ఒప్పుకోవడం తప్ప యజమాని దగ్గర వేరే సాక్ష్యం ఉండదు.

పెళ్లికాని జంటలు వస్తారని కొందరు భయపెడుతుంటారు. ఆ భయం నాకు లేదు. మేజర్లయిన ఇద్దరు కలిసి ఒక గదిలో ఉండకూడదని ఏ చట్టమూ చెప్పలేదు, వాళ్ల పెళ్లి గురించి అడగడం ఇంటివాడి పని కాదు. వయసు చూడటం మాత్రం అతని పనే. ఎదురుగా నిలబడ్డ అమ్మాయికి పదహారేళ్లా ఇరవయ్యా అన్న అనుమానం తలుపు దగ్గర ఉన్న మనిషికి వస్తుంది. బెంగళూరులో ఉన్నవాడికి రాదు.

విదేశీయుల విషయం ఇంకా తక్కువమందికి తెలుసు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే, వాళ్ల వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్లో విదేశీయుల నమోదు అధికారికి పంపాలి. ఈ నియమం స్టార్ హోటల్‌కే కాదు, ఇంట్లో గది ఇచ్చేవాళ్లకీ ఉంది. మలేషియా నుంచి, సింగపూర్ నుంచి, శ్రీలంక నుంచి ఎంతమంది తమిళులు తిరుపతి వస్తారో తెలుసు కదా. అరవం మాట్లాడుతున్నారు కాబట్టి చెన్నై వాళ్లే అనుకుంటాం, పాస్‌పోర్టు ఏ దేశానిదో ఎవరు చూశారు? 2024 అక్టోబరులో ఊళ్లో కొన్ని హోటళ్లకి బాంబు బెదిరింపు ఈమెయిళ్లు వచ్చాయి. అన్నీ ఉత్తవే అని తేలింది, కానీ పోలీసులు ఆ హోటళ్లన్నీ వెతికారు. అలాంటి రోజున "మీ ఫ్లాటులో ఎవరున్నారు" అని అడిగితే వెంటనే జవాబు చెప్పగలిగి ఉండాలి.

ఆధార్ కాపీలు తీసుకుంటే సరిపోదా? తీసుకోవాలి, కానీ అందులోనూ ఒక చిక్కుంది. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఫోటోకాపీలు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వొద్దని, హోటళ్లు, సినిమా హాళ్లు లాంటివి కాపీలు తీసుకుని దాచుకోకూడదని దాని సారాంశం. జనం గందరగోళపడేసరికి రెండు రోజులకే పైవాళ్లు దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రకటన పోయినా అందులోని భయం న్యాయమైనదే. పది కుటుంబాల ఆధార్ బొమ్మలు మీ బ్రోకర్ ఫోన్ గ్యాలరీలో ఉంటే, రేపు వాటితో ఎవరో సిమ్ తీసుకుంటే, ఆ కాపీ ఎవరి దగ్గర్నుంచి పోయిందని అడుగుతారు? చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగడం, లేదా ఓటరు కార్డో డ్రైవింగ్ లైసెన్సో ఎదురుగా చూసి పుస్తకంలో రాసుకోవడం మేలు. ఎదురుగా చూడాలంటే మళ్లీ అక్కడ మనిషి ఉండాలి.

కెమెరా మాట కూడా చెప్పేస్తాను. బయట కారిడార్లో, అసోసియేషన్ ఒప్పుకుంటే, పెట్టుకోండి. ఇంటి లోపల వద్దు. "హాల్లోనే కదా" అంటారు కొందరు. హాల్లోనే కదా ఇంతమంది పడుకునేది, చీర మార్చుకునేది! ఎయిర్‌బీఎన్‌బీ అనే ఇళ్ల బుకింగ్ సంస్థ 2024 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచమంతటా ఇళ్ల లోపలి కెమెరాలని పూర్తిగా నిషేధించింది. మన ఐటీ చట్టం 66ఈ ప్రకారం ఒకరి గోప్యతకి భంగం కలిగేలా, వాళ్ల అనుమతి లేకుండా ఒంటి రహస్య భాగాలని చిత్రిస్తే మూడేళ్ల దాకా జైలు. సామాను కాపాడుకోబోయి తనే ముద్దాయి అయ్యే దారి ఇది. పైగా గుమ్మం దగ్గర కెమెరా పదకొండు మంది లోపలికి వెళ్లారని చూపిస్తుంది, అంతే. అది చూసి ఫోన్ చేస్తే "దర్శనానికొచ్చాం సార్, ఒక్క రాత్రే కదా" అంటారు. అర్ధరాత్రి ఎవరు వెళ్లి ఖాళీ చేయిస్తారు? నేనా?

నన్ను ఎక్కువ భయపెట్టే సంగతి నేరం కూడా కాదు. ఒంట్లో బాగోలేకపోవడం. తిరుపతికి వచ్చేవాళ్లలో పెద్దవాళ్లు ఎక్కువ. మొక్కు ఉందని అరవై దాటినవాళ్లు అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతారు, లేదంటే శ్రీవారి మెట్టు దారిలో నిలువుగా 2,388 మెట్లు. బీపీ మాత్ర వేసుకోరు, ఉపవాసం అంటారు, క్యూలో గంటలు నిలబడతారు. కిందికి వచ్చి మీ ఫ్లాటులో పడుకున్నాక, రాత్రి ఒంటిగంటకి గుండెల్లో నొప్పి వస్తుంది. లాడ్జి అయితే కింద కౌంటర్లో కుర్రాడుంటాడు. ఆటో పిలుస్తాడు, రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో వెళ్లమంటాడు, దారి చెబుతాడు. ఫ్లాటులో దిగిన ఏ ధర్మపురి కుటుంబానికో వీధి పేరు తెలియదు. 108కి ఫోన్ చేసి అడ్రస్ చెప్పలేరు, వాళ్ల దగ్గరున్నది మ్యాప్‌లో ఒక చుక్క. యజమానికి ఫోన్ చేస్తే నిద్రలో ఎత్తడు.

ఆ మనిషి ఆ ఇంట్లోనే పోతే? ఆసుపత్రి దాకా వెళ్లని ఆకస్మిక మరణం మీద అనుమానం వస్తే పోలీసులు రావడం, నేర విచారణ పద్ధతి చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద పంచనామా, ఒక్కోసారి పోస్టుమార్టం. ఏ తప్పూ లేని మరణానికి కూడా ఇంత జరగొచ్చు. తనకి తానే ప్రాణం తీసుకోవాలని దూరపు ఊళ్లో గది వెతుక్కుని వచ్చేవాళ్లూ ఉంటారు. ఒంటరిగా, సంచి కూడా లేకుండా వచ్చిన మనిషిని చూసి అనుభవమున్న లాడ్జి మేనేజర్ రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాడు, టీ నెపంతో తలుపు తడతాడు. నంబరు తాళం అడగదు.

2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం ఊళ్లో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. బైరాగిపట్టెడ పేరు ఆ రాత్రి దేశమంతా వినపడింది. అలాంటి రాత్రి మీ ఫ్లాటులో దిగినవాళ్లలో ఒకరు తిరిగి రాకపోతే, మిగతావాళ్లు ఊరుకాని ఊళ్లో ఎవరిని పట్టుకుని అడగాలి? ఇది చట్టం అడిగే ప్రశ్న కాదులెండి. డబ్బు తీసుకుని చోటిచ్చినవాడికి ఆ మాత్రం బాధ్యత ఉంటుందని నేననుకుంటాను.

ఇంటి లోపలి ప్రమాదాల సంగతికొస్తే, మనం రోజూ ఉండే ఇంట్లో లోపాలు మనకి తెలుసు. ఈ గీజరు స్విచ్ తడిచేత్తో ముట్టుకోకూడదు, ఆ కిటికీ రెక్క గట్టిగా లాగకూడదు. వచ్చినవాడికి తెలియదు. మన బోరు నీళ్ల ఉప్పుకి గీజరు కాయిల్ త్వరగా పాడవుతుంది, ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే నీళ్లలోకే కరెంటు వస్తుంది. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించని ఇంటిని ఎవరికీ ఇవ్వకూడదు, మనం ఉండటానికి కూడా. గ్యాస్ గీజరు మరీ ప్రమాదం. గాలి ఆడని బాత్రూములో వరసగా పదిమంది స్నానం చేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండుతుంది, దానికి వాసనుండదు, మనిషి పడిపోయేదాకా తెలియదు. ఏదైనా జరిగితే దిగినవాళ్లు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 2019 చట్టంలో సేవలంటే ఏమిటో చెప్పినచోట లాడ్జింగ్ అని స్పష్టంగానే ఉంది.

ఇన్సూరెన్స్ ఉందిలే అనుకుంటారు. 2021 ఏప్రిల్ నుంచి ఇంటికి అమ్మే మామూలు పాలసీ భారత్ గృహ రక్ష. అది కుటుంబం కాపురముండే ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. రోజుకొకరికి ఇస్తున్నామని కంపెనీకి ముందే రాసిచ్చి, వాళ్ల జవాబు కాగితం మీద తీసుకోకపోతే క్లెయిమ్ రోజున పేచీ వస్తుంది. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వాటికి తమ సొంత నష్టపరిహారం ఉంది, అతిథి వెళ్లిన 14 రోజుల్లో ఫోటోలతో అడగాలి. అయితే అది వాళ్ల ద్వారా వచ్చిన బుకింగ్‌కే. మన ఊళ్లో సగం బేరాలు వాట్సాప్‌లో, "అన్నా మా వాళ్లే" అన్న పూచీ మీద నడుస్తాయి.

కరెంటు సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇంటికని తీసుకున్న కనెక్షన్‌ని వ్యాపారానికి వాడుతున్నారని అధికారి తేలిస్తే, విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద ఆ రేటుకి రెట్టింపు కట్టాలి. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలకి వేస్తారు. కరెంటు సరఫరా చేసే దక్షిణ మండలం డిస్కమ్ పెద్దాఫీసు ఉన్నదే మన ఊళ్లో. పన్ను మాట ఆడిటర్‌కి వదిలేస్తున్నాను, పరుపులు, దుప్పట్లు, శుభ్రం చేయించడం అన్నీ ఇచ్చి రోజువారీ తీసుకునే డబ్బుని మామూలు ఇంటద్దె లాగే చూపిస్తామంటే కుదరకపోవచ్చని మాత్రం గుర్తు పెట్టుకోండి.

ఇల్లు ఇస్తామని నంబరు పెట్టగానే మొదట వచ్చే ఫోన్లలో ఒకటి "ఆర్మీ ఆఫీసర్" నుంచి వస్తుంది. ఇల్లు చూడకుండానే నచ్చేస్తుంది, అడ్వాన్స్ పంపుతానంటాడు, ఒక క్యూఆర్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇదంతా విని అన్నయ్య, "నువ్వు మరీ అతిగా ఆలోచిస్తావురా. ఇంతమంది ఇస్తున్నారు, ఎవరికేమైంది" అన్నాడు. ఇంతమంది ఇస్తున్నారు, నిజం. అందులో బాగా నడుపుతున్నవాళ్లని చూద్దాం. తిరుచానూరులో మా మేనత్త ఉంది. కింద తను ఉంటుంది, పైన రెండు గదులు యాత్రికులకి ఇస్తుంది. వచ్చినవాళ్లకి ముందు గుమ్మం దగ్గరే మంచినీళ్లిస్తుంది. "ఎంతమంది నాయనా? పెద్దోళ్లు మెట్లెక్కగలరా? యాడి నుంచి వస్తాండారు?" ఈ మూడు మాటల్లో ఆవిడకి కావాల్సింది తెలిసిపోతుంది. నచ్చకపోతే, "ఇప్పుడే వేరే వాళ్లకి చెప్పేశాను" అంటుంది, ఎంత డబ్బిస్తామన్నా మారదు. పాత లెక్కల పుస్తకంలో పేరు, ఊరు, ఫోను, బండి నంబరు రాయించుకుంటుంది. రాత్రి పదికి గేటు వేస్తుంది, దర్శనానికి వెళ్లేవాళ్లుంటే తనే లేచి తీస్తుంది. ఆవిడకి యాప్ లేదు, రేటింగ్ లేదు. వచ్చినవాళ్లే మళ్లీ వస్తారు, మామిడిపళ్లు కూడా తెస్తారు. ఇది తేలికైన పనేం కాదు. పెరటాసిలో ఆవిడకి కంటి నిండా నిద్ర ఉండదు. ఆ మూడు వేల రూపాయలు ఆ నిద్రకి వచ్చే కూలి. మా అన్నయ్య ఆ డబ్బు కావాలంటున్నాడు, నిద్ర మాత్రం ఇంకొకరిది పోవాలంటున్నాడు.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు పథకం చూసినా ఇదే. ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు, యజమాని కుటుంబంతో ఆ ఇంట్లోనే ఉండాలి. తాళం వేసిన ఫ్లాటు ఆ లెక్కలోకి రాదు. దానికి హోమ్‌స్టే అని బోర్డు పెట్టినా అది మేనేజర్ లేని లాడ్జి.

మరి ఖాళీ ఇంటిని ఏం చేయాలి? నెల అద్దెకి ఇవ్వండి. స్విమ్స్‌లో, రుయాలో నర్సులు, విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లు, ఏర్పేడు వైపు ఐఐటీకి వెళ్లొచ్చే చిన్న ఉద్యోగులు, ఇల్లు దొరక్క తిరిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. డబ్బు తక్కువ, కానీ ఆ ఇంట్లో ఎవరున్నారంటే ఒక పేరు చెప్పగలం. అదీ ఇష్టం లేకపోతే తాళం వేసే ఉంచండి. ఊళ్లో లేనప్పుడు ఇంటి మీద కన్నేసి ఉంచమని పోలీసులని అడగడానికి ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది. తాళం చెవి మాత్రం వాచ్‌మన్‌కి ఇవ్వకండి, దేవుడి మీద భక్తి ఉన్నవాడైతే అసలే వద్దు.

లేదు, రోజువారీకే ఇస్తానంటారా, అయితే ఆ బిల్డింగులోనే ఉండే మనిషిని జీతమిచ్చి పెట్టుకోండి. దిగేవాళ్లని చూసేది, రాసుకునేది, రాత్రి తలుపు తీసేది ఆ మనిషే. అసోసియేషన్ అనుమతి మీటింగు మినిట్స్‌లో రాయించుకోండి. అప్పుడు లెక్క మళ్లీ వేసి చూడండి. జీతం, ట్యాంకర్, కమర్షియల్ కరెంటు, దుప్పట్ల ఉతుకుడు పోను మిగిలేది నెల అద్దెకి ఎంత దగ్గరగా ఉంటుందో కనిపిస్తుంది. మా అన్నయ్యకి ఈ లెక్కే పనిచేసింది, చట్టాలు చెప్పినప్పుడు చలించలేదు కానీ.

ఇప్పుడు ఆ ఫ్లాటులో ఒక నర్సు, వాళ్లమ్మ ఉంటున్నారు. పదకొండు నెలల అగ్రిమెంటు. బ్రహ్మోత్సవాలకి వస్తే ఎక్కడ దిగాలని వదినకి నా మీద కోపంగా ఉంది. మా ఇంట్లో ఒక గది ఉందని చెప్పాను, ఇంకా జవాబు రాలేదు. రోజువారీ వ్యాపారానికని ముందే కొనేసిన పరుపులు మా వరండాలో ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ఎవరికైనా కావాలంటే చెప్పండి, సగం ధరకి ఇస్తాడట.